వెనక చక్రం కింద తడి

తమిళనాడులో తళి పక్కనున్న ఆ ఊళ్లో, నాగేశప్ప ఇంటిముందు నిలబడే పాత పికప్పు కింద తడి ఉండటం కొత్తేమీ కాదు. కొత్తిమీర, పుదీనా, బీన్సు ఎత్తుకుని హోసూరు మార్కెట్టుకు పోయే బండి అది. సరుకు వాడిపోకుండా తడి గోనెలు కప్పుతారు కాబట్టి దారి పొడుగునా నీళ్లు కారుతూనే ఉంటాయి. ఇంటికొచ్చి ఇంజను ఆపాక కూడా కాసేపు టపటపా చుక్కలు పడతాయి. ఎండ ఎక్కేసరికి నేల ఆరిపోతుంది. అందుకే ఎడమవైపు వెనక చక్రం దగ్గర అరచేయంత మచ్చ ఒకటి మధ్యాహ్నమైనా ఆరకుండా ఉండిపోవడం ఇంట్లో ఇంకెవరి కంటా పడలేదు. నాగేశప్ప కంట పడింది. రోజంతా వాకిట్లో కూర్చుని చూడటం తప్ప ఆయనకు వేరే పని లేదు.

నిరుడు వానాకాలంలో, లోడు దించి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ ఉండగా ఆయన కుప్పకూలాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కాలు కొంత తిరిగొచ్చింది. కర్ర ఊతంతో వాకిలి దాకా నడుస్తాడు. చెయ్యి రాలేదు. మాట వచ్చింది గానీ, రాకపోయినా బాగుండేదేమో అనిపించేలా వచ్చింది. ఎదుటివాళ్లు చెప్పేదంతా అర్థమవుతుంది. తాను చెప్పదలచుకున్నది మనసులో తేటగా ఉంటుంది. నోట్లోంచి మాత్రం ఇంకేదో మాట ఊడిపడుతుంది. నీళ్లడగబోతే ‘నెమలి’ అంటాడు. భార్యను పిలవబోతే ‘మెట్టు’ అంటాడు. తప్పు మాట వచ్చిందని తన చెవులకే వినిపిస్తుంది. దిద్దుకోబోతే మళ్లీ అదే వస్తుంది. ఎడమచేతికి సుద్దముక్క ఇచ్చి చూశారు. గీతలు పడ్డాయి తప్ప అక్షరం పడలేదు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. భార్య మునిలక్ష్మమ్మ గులాబీలు కోసే పనికి గ్రీన్‌హౌస్‌కు పోయింది. కూతురు రక్షిత పొద్దున్నే లోడు దించి వచ్చి, తిని, రేపటి సరుకు మాట్లాడటానికి తోటలవైపు వెళ్లింది. నాగేశప్ప లేచి, బండి పలక పట్టుకుని మెల్లగా వంగి, ఎడమచేతి వేలు ఆ మచ్చలో అద్దాడు. బొటనవేలితో రుద్దాడు. చిక్కగా లేదు, పలచగా జారుతోంది. వాసన చూశాడు. ముక్కులో చురుక్కుమంది. తలవంచి చక్రం లోపలివైపు చూస్తే, రిమ్ము అంచున పెయింటు పొంగి పెచ్చులు లేచి ఉంది. ఏ నూనె తగిలినా పెయింటు అట్లా ఊడదు. ఊడేది ఒక్కదానికే.

బ్రేకు ఆయిలు.

ఆయన వేలు మట్టికి రాసి తుడుచుకున్నాడు. ఆ బండిని తానే కొని, తన బతుకులో సగం దాని స్టీరింగు వెనకే గడిపినవాడు. వెనక చక్రంలో బ్రేకు ఆయిలు కారితే ముందు ఏమీ తెలియదు. పెడలు కొంచెం లోపలికి పోతుంది, పాత బండి అంతేలే అనుకుంటారు. బరువు మీద, దిగుడులో, గట్టిగా తొక్కాల్సి వచ్చిన రోజున తెలుస్తుంది.

సాయంత్రం మునిలక్ష్మమ్మ వాకిట్లోకి రాగానే ఆయన చక్రంవైపు చెయ్యి చూపించాడు. మనసులో ‘బ్రేకు’ అన్న మాటను గట్టిగా పట్టుకుని, పెదవులు బిగించి, బయటికి తోశాడు.

“బెల్లం,” అన్నాడు.

మునిలక్ష్మమ్మ ముఖం విప్పారింది. ఎన్నో రోజుల తర్వాత మొగుడి నోట అర్థమయ్యే మాట వచ్చింది.

“బెల్లమా? బెల్లం కావల్నా? ఉండు, తెస్తా ఉండాను.”

“బెల్లం! బెల్లం!” అంటూ ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె అప్పటికే లోపలికి పోయింది. బెల్లం ముక్క తెచ్చి నోటికి అందించింది. ఆయన చెయ్యి తోసేశాడు. ముక్క మట్టిలో పడింది. ఆమె దాన్ని తీసి, ఊది, కొంగుతో తుడిచి, లోపలికి వెళ్లింది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం ఆయన చూశాడు.

రక్షితకు చెబితే పని జరుగుతుందని ఆయనకు తెలుసు. కానీ రక్షితకు చెప్పడంలో ఇంకో చిక్కు ఉంది.

ఆ పిల్లకు చిన్నప్పటినుంచీ బండి అంటే ప్రాణం. కాలేజీ రోజుల్లో నేర్పించమని తండ్రి వెంట పడింది. “ఆడపిల్లకు లోడు బండి ఏంటికి? నలుగురూ నవ్వేదానికా?” అని ఆయన కసురుకున్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఆమె హోసూరులో కంపెనీ పనికి పోయింది. ఆయన మంచాన పడ్డాక బండి అమ్మేద్దామని బంధువులంతా అంటే, అమ్మనివ్వనని అడ్డం పడి, పని మానేసి, లైసెన్సు తెచ్చుకుని తానే నడపడం మొదలుపెట్టింది. మొదటిరోజు బండి వాకిలి దాటుతుంటే నాగేశప్ప గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తిరగడం రక్షిత అద్దంలో చూసింది. తర్వాత్తర్వాత ఆయన మనసు మారింది. సరుకు చెడకుండా, బండి గీత పడకుండా ఆమె తిరిగొస్తుంటే లోలోపల మురిసిపోయేవాడు. ఆ మురిపెం చెప్పడానికి మాత్రం మాట లేదు.

మర్నాడు పొద్దున ఆమె హోసూరు నుంచి రాగానే ఆయన ఎదురుపోయాడు. కర్రతో వెనక చక్రం మీద కొట్టాడు. ఆమె వంగి టైరు నొక్కి చూసింది.

“గాలి బాగుండాది గదా నాయనా.”

ఆయన తల ఊపాడు, కాదని. పెడలు సంగతి ఎట్లా చెప్పాలా అని ఆలోచించి, ఎడమకాలితో నేలమీద తొక్కి చూపించాడు. మళ్లీ తొక్కాడు. కాలు లోపలికి దిగిపోతున్నట్టు మోకాలు వంచబోయి తూలాడు. రక్షిత చప్పున పట్టుకుంది.

“ఏంటికి అట్ల కాలు కొట్టుకుంటావు? కింద పడితే ఎవరు లేపల్ల?” ఆమె గొంతు కొంచెం బిరుసెక్కింది. “నేను బండి తోలేది నీకు ఇష్టం లేదు. తెలుసు నాకు. రోజూ వచ్చీరాంగానే ఇట్ల చేస్తే నేనేం కావల్ల?”

“బెల్లం,” అన్నాడు నాగేశప్ప.

ఆమె నిట్టూర్చి ఆయన్ను తీసుకుపోయి మంచం మీద కూర్చోబెట్టింది. అయినా చక్రం దగ్గర ఏదో కారుతున్న సంగతి ఆమె కళ్లు పట్టుకున్నాయి. చేతికి రాసుకుని చూసి, ఫోనులో ఎవరితోనో మాట్లాడింది. నాగేశప్పకు ప్రాణం లేచొచ్చింది.

సాయంకాలం దాసప్ప వచ్చాడు. తళిలో షెడ్డు అతనిది. ఒకప్పుడు నాగేశప్ప బండి దగ్గరే పానాలు అందిస్తూ పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ల బండ్లన్నీ అతని దగ్గరికే పోతాయి. మంచివాడు. కాకపోతే ఆ రోజు షెడ్డులో రెండు ఇంజన్లు విప్పి పడేసి వచ్చాడు, మనసంతా అక్కడే ఉంది.

“ఎట్లుండావు నాగేశన్నా?” అని చెవిటివాణ్ని పలకరించినట్టు గట్టిగా అరిచి, బండి కిందికి దూరాడు. టార్చి వేసి చూశాడు. వెనక ఇరుసు చుట్టూ ఏళ్లనాటి నూనె మురికి నల్లగా పేరుకుని ఉంది.

“క్రౌను ఆయిలమ్మా ఇది,” అన్నాడు బయటికొచ్చి. “ఇరుసులో పోస్తారే, ఆ నూనె. సీలు అరిగిపోతే చక్రం పక్కకి వచ్చేస్తాది. ఈ బండ్లకు ఇది మామూలే.”

“బ్రేకుకేమీ కాదు గదా మామా? పెడలు కొంచెం కిందికి పోతా ఉండాది.”

నాగేశప్ప ముందుకు వంగాడు. అడిగింది. కూతురే అడిగింది.

దాసప్ప బానెట్టు ఎత్తి బ్రేకు ఆయిలు సీసా మీద టార్చి వేశాడు. పాత సీసా, పసుపెక్కి, లోపల మచ్చ పట్టి ఉంది. ఆ మచ్చ, నిండుకు గుర్తుగా ఉండే పై గీత దాకా ఉంది. “నిండుగా ఉండాది. పెడలంటావా, బ్రేకు లైనర్లు అరిగింటాయి. అమాస రోజు మార్కెట్టు ఉండదు గదా, ఆపొద్దు షెడ్డుకు తీసుకురా. సీలు, లైనర్లు అన్నీ ఒకేసారి మార్చేద్దాము. అంతవరకు ఏమీ కాదు.”

నాగేశప్ప దాసప్ప చొక్కా పట్టుకున్నాడు. సీసా మూత తీసి చూడమని, కదిపి చూడమని, లోపల ఉన్నది ఆయిలు కాదు మచ్చ అని చెప్పాలి. ఎడమచేత్తో మూత తిప్పినట్టు గాల్లో తిప్పాడు. “బెల్లం… బెల్లం…”

“తింటానన్నా, ఈసారి వచ్చినప్పుడు తింటాను,” అని దాసప్ప మెల్లగా ఆ వేళ్లు విడిపించుకున్నాడు. రక్షితవైపు తిరిగి గొంతు తగ్గించి, “పాపం, ఎట్లాంటి మనిషి,” అన్నాడు. ఆ మాటా నాగేశప్పకు వినిపించింది.

ఆ పొద్దు నుంచి ఆయనకు తన మీదే అనుమానం పుట్టింది. దాసప్ప చేతులు రోజూ నూనెల్లో ఉండే చేతులు. తనకేమో ఉప్పుకూ చక్కెరకూ తేడా తెలియని రోజులు కూడా ఈ ఏడాదిలో గడిచాయి. ఒకసారి సాయంత్రాన్ని పొద్దున అనుకుని పళ్లు తోమమని మారాం చేశాడు. మాట పోయినట్టే ముక్కూ పోయిందేమో. దాసప్పే నిజమేమో. అట్లా అనుకుంటే హాయిగా ఉంది. కాసేపటికి మళ్లీ ఆ పొంగిన పెయింటు కళ్లముందుకొచ్చి కూర్చుంటుంది.

తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. మర్నాడు ఇల్లు ఖాళీ అయ్యాక, ఒక డబ్బా మూత చక్రం కింద పెట్టి కర్రతో సరిగ్గా చుక్కలు పడే చోటికి నెట్టాడు. మధ్యాహ్నానికి మూతలో కాస్త చేరింది. దాన్ని ఎడమచేత్తో ఒలకకుండా తేవడానికి ఆయనకు పట్టిన శ్రమ, ఒకప్పుడు గేరుపెట్టె దించినప్పుడు కూడా పట్టలేదు. గాజుగ్లాసులో నీళ్లు పోసి, అందులో ఆ చుక్కలు వంచాడు. క్రౌను ఆయిలైతే పైన రంగురంగుల పొరగా తేలాలి. తేలలేదు. నీళ్లలో కలిసిపోయి, గ్లాసు లేత మబ్బు పట్టినట్టయింది.

తన ముక్కు పోలేదు. ఆ సంతోషం ఒక్క క్షణం ఉంది. ఆ వెంటనే అంతకు ముందున్న భయం రెట్టింపై కూర్చుంది.

రక్షిత వచ్చాక గ్లాసు ఆమె ముందు పెట్టాడు. చక్రం చూపించాడు, గ్లాసు చూపించాడు. ఆమె గ్లాసు ఎత్తి వెలుగులో చూసింది. మురికినీళ్లు తప్ప ఆమెకేం కనిపిస్తుంది?

“ఏంది నాయనా ఇది? నువ్వు తాగినావా దీన్ని?” అని కంగారుగా వాసన చూసింది. “అమ్మా! నాయన బండి కింద నీళ్లు పట్టి పెట్టుకున్నాడు చూడు.” ఆమె గ్లాసును మొక్కల పాదులో గుమ్మరించింది. మునిలక్ష్మమ్మ ఆయన నోరు తెరిపించి, నాలుక చూసి, కొంగుతో మూతి తుడిచింది. ఆయన కళ్లు మూసుకుని తుడిపించుకున్నాడు.

అన్నం తినేటప్పుడు రక్షిత తల్లితో చెప్పింది. “రేపు కృష్ణగిరి లోడమ్మా. కోసు. మండీ వాళ్లు అడిగి అడిగి పిలిచినారు. బాగా చేస్తే వారానికి రెండు దినాలు మనకే ఇస్తారంట.”

కోసు అంటే క్యాబేజీ. ఆకుకూరలకూ దానికీ బరువులో పోలిక లేదు. హోసూరు దారి దాదాపు చదును. కృష్ణగిరి పోవాలంటే శూలగిరి దాటాక మేలుమలై కొండ దిగాలి. నాగేశప్ప ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు. ఆ దిగుడులో లారీలు కొండంత బరువుతో బ్రేకులు కీచుమనిపిస్తూ ఒకదాని వెనక ఒకటి దిగడం, కాలిన లైనర్ల వాసన ఊపిరాడనీయకపోవడం ఆయనకు కొత్త కాదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే అక్కడ ఆయన పాట ఆపేసి, చేతులు తుడుచుకుని దిగేవాడు.

తెల్లవారి వెలుగు రాగానే, రక్షిత స్నానానికి పోయిన సందు చూసి ఆయన బండి దగ్గర నేలమీద చతికిలబడ్డాడు. కోసు ముందురోజు సాయంత్రమే ఎక్కించి పెట్టారు. వెనక టైరు గాలి మూత ఎడమచేత్తో విప్పి, మేకుతో లోపలి పిన్నును నొక్కి పట్టుకున్నాడు. బుస్సుమని గాలి ముఖానికి కొట్టింది. టైరు అణిగేదాకా వదల్లేదు.

రక్షిత తడిజుట్టుతో వచ్చి చూసింది. అణిగిన టైరు చూసింది. తండ్రి చేతిలో మేకు చూసింది. ఆ మేకు లాగేసుకుంది.

“ఇంత దూరం వచ్చినావా నాయనా?” అంది. “ఒళ్లు బాగున్నన్ని దినాలూ వద్దంటివి. ఇప్పుడు చేతగాకపోయినా గాలి తీసి ఆపుతావా? నేను ఊరికే తిరిగేదానికి పోతా ఉండానా? ఈ ఇల్లు ఎట్ల నడస్తాదనుకున్నావు?”

ఆమె ఏడవలేదు. జాకీ తీసుకుని, బండి ఎత్తి, చక్రం విప్పి పక్కకు పెట్టింది. నాగేశప్ప కర్ర అందుకున్నాడు. డ్రమ్ము బయటపడింది. దాని వెనక పలక నిండా తడి, సూర్యుడి వెలుగుకు నిగనిగలాడుతోంది. ఆయన కర్రతో డ్రమ్ము మీద కొట్టాడు. ఇదీ, ఇదే, విప్పి చూడు. మళ్లీ కొట్టాడు. రక్షిత గుడ్డతో ఆ తడిని తుడిచేసి, “దాసప్ప మామ చెప్పిన నూనే,” అని తనలో తాను అనుకుని, కర్రను పక్కకు నెట్టి, స్టెప్నీ బిగించింది.

ఆమె ఇంజను వేయగానే ఆయన బండి ముందుకొచ్చి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. ఈసారి ఏ మాటా రాలేదు, మూలుగులాంటిదొకటి వచ్చింది. మునిలక్ష్మమ్మ పరుగున వచ్చి నడుము పట్టుకుని పక్కకు లాగింది. ఒక ఆడమనిషి లాగితే ఆగేంత బలం కూడా ఆయన ఒంట్లో లేదు. బండి వాకిలి దాటింది. రక్షిత అద్దంలోకి చూడలేదు.

ఆ పొద్దు గడవడం చాలా కష్టమైంది. మునిలక్ష్మమ్మ అన్నం పక్కన పెట్టి పనికి పోయింది. నాగేశప్ప మంచం మీద కూర్చుని, మనసులో బండితో పాటు పోయాడు. ఇప్పుడు హోసూరు దాటింటుంది. ఇప్పుడు శూలగిరి. ఎదురుగా లారీ నెమ్మదించింటుంది. ఎడమకాలు తనకు తెలియకుండానే నేలను అదుముతోంది.

గూట్లో ఫోను మోగింది. చార్జింగుకు పెట్టి మునిలక్ష్మమ్మ మరిచిపోయిన ఫోను. ఆయన లేచి, గోడ పట్టుకుని చేరేలోపు ఆగిపోయింది. మళ్లీ మోగింది. ఎడమ బొటనవేలితో తడిమి తడిమి, ఎట్లాగో ఎత్తాడు.

“హలో, అమ్మావా?” ఎవరో మగగొంతు, తమిళంలో. వెనక లారీల హోరు. “అమ్మా, ఈ ఫోనులో అమ్మ అని ఉంటే చేస్తున్నాను. మేలుమలై దగ్గర కోసు బండి ఒకటి పక్కకు పడిపోయింది. నడిపే పాప మీ పాపేనా? హలో?”

నాగేశప్పకు తమిళం బాగా వచ్చు. ప్రతి మాటా అర్థమైంది. అడగవలసింది ఒక్కటే. బతికుందా? ఆ ఒక్క మాట కోసం ఆయన లోపలంతా వెతుక్కున్నాడు. తెలుగులో, తమిళంలో, కన్నడలో, ఏ భాషలో దొరికినా చాలు.

“బెల్లం,” అన్నాడు. “బెల్లం… నెమలి…”

“యారు పేసరదు?” అటువైపు గొంతు విసుక్కుంది. “ఎవరయ్యా నువ్వు? ఇంట్లో ఇంకెవరూ లేరా? ఫోను వాళ్లకియ్యి.”

ఇవ్వడానికి ఎవరున్నారు? ఆయన ఫోనును రెండు చెంపలకూ మార్చి మార్చి ఆనించుకుని, ఏడుపులాంటి శబ్దం చేశాడు. అవతల ఒకటి రెండుసార్లు హలో అని ఆగిపోయింది.

ఫోను పిడికిట్లో పట్టుకుంటే కర్ర పట్టుకోవడానికి చెయ్యి లేదు. ఫోను చొక్కాలోపలికి జారవిడుచుకుని, కర్ర తీసుకుని, చెప్పులు లేకుండా రోడ్డెక్కాడు. గ్రీన్‌హౌస్ ఊరిబయట ఉంది. ఆయన మంచాన పడ్డాక అంత దూరం ఎన్నడూ నడవలేదు. ఒక స్కూటరు పక్కనుంచి పోయింది. చెయ్యి ఎత్తబోతే కర్ర జారింది. స్కూటరు నడిపేవాడు ఎవరో పలకరిస్తున్నారనుకుని తల ఊపి పోయాడు. మలుపులో కుడికాలు రాయికి తట్టి పడ్డాడు. లేవలేకపోయాడు. మోచేతి మీద ఈడ్చుకుంటూ కొంత పోయాడు. అన్నాలకు బయటికొచ్చిన ఆడవాళ్లు ఆయన్ను చూసి కేకలు పెట్టారు. వాళ్లలోంచి మునిలక్ష్మమ్మ పరిగెత్తుకొచ్చింది. ఆయన మాట్లాడే ప్రయత్నం చేయలేదు. చొక్కాలోంచి ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఫోను మళ్లీ మోగుతోంది.

రక్షిత బతికే ఉంది. మణికట్టు విరిగింది, కాలరెముక చిట్లింది, నుదుటికి కుట్లు పడ్డాయి. మర్నాడు మధ్యాహ్నం మునిలక్ష్మమ్మ ఆమెను కృష్ణగిరి ఆసుపత్రి నుంచి కారులో ఇంటికి తెచ్చింది. చుట్టూ జనం చేరారు. దాసప్ప కూడా వచ్చి, గడప దగ్గరే నిలబడ్డాడు.

దిగుడులో ముందున్న లారీ నెమ్మదించిందని, బ్రేకు తొక్కితే కాలు నేలదాకా పోయిందని రక్షిత చెప్పింది. మళ్లీ మళ్లీ తొక్కితే ముందు చక్రాలు కొంచెం పట్టాయి, బరువుకు అవి చాలలేదు. కాలిన వాసన వచ్చింది. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, పక్కన రోడ్డు పనికి పోసిన మట్టిదిబ్బ మీదికి తిప్పేసింది. బండి ఎక్కి, పక్కకు వాలిపోయింది. కోసు రోడ్డంతా దొర్లింది. ఎవరికీ తగల్లేదు.

“ఆడుండే మెకానిక్కు డ్రమ్ము విప్పినాడు మామా,” అంది దాసప్పతో. “లోపల రబ్బరు చినిగిపోయుండాదంట. తొక్కినప్పుడల్లా బ్రేకు ఆయిలే పోతా ఉండిందంట. సీసాలో ఉన్నేది మచ్చంట.”

దాసప్ప ముఖం పాలిపోయింది. “మూత తీసుంటే తెలిసేది పాపా,” అన్నాడు. “చెయ్యి పెట్టి చూసుంటే తెలిసేది.” అతను నాగేశప్పవైపు తిరిగి ఏదో చెప్పబోయి, చెప్పలేక, వెళ్లిపోయాడు. నాగేశప్పకు అతని మీద కోపం రాలేదు. మాటలున్నవాడికీ ఒక్కోసారి మాట రాదని మాత్రం అనుకున్నాడు.

జనం పోయాక రక్షిత వచ్చి తండ్రి మంచం మీద కూర్చుంది. ఆయన మోచేతికి కట్టిన గుడ్డను చూసింది.

“నీకు ముందే తెలుసు గదా నాయనా?”

ఆయన తల ఊపాడు.

“గాలి తీసింది అందుకేనా?”

ఊపాడు.

“నేను తోలేది నీకు ఇష్టం లేదనుకున్నాను.” ఆమె ఆ గుడ్డ అంచు సర్దింది. “ఇష్టం లేకుండానే ఉండె గదా?”

దానికి తల ఎట్లా ఊపాలో ఆయనకు తెలియలేదు. అవునంటే అబద్ధం. కాదంటే అదీ అబద్ధమే. మొదట లేదు, ఇప్పుడుంది, ఎంత ఉందో నీకు తెలియదు అని చెప్పాలి. తల ఊపితే అంత మాట రాదు. ఎడమచేత్తో ఆమె కట్టులేని చెయ్యి పట్టుకున్నాడు. ఆమె దాన్ని ఏ అర్థంగా తీసుకుందో ఆయనకు ఎప్పటికీ తెలియలేదు.

రక్షిత చేతి కట్టు విప్పిన కొన్నాళ్లకు బండి షెడ్డు నుంచి వచ్చింది. ఎడమ తలుపు వేరే బండిది, రంగు కలవదు. మునిలక్ష్మమ్మ బండి అమ్మేద్దామంది, రక్షిత ఒప్పుకోలేదు. ఖాళీ బండిని తళి దాకా తిప్పి చూడటానికి బయల్దేరుతూ, తండ్రిని ఎత్తి పక్క సీట్లో కూర్చోబెట్టింది.

ఊరు దాటి చెరుకుతోట పక్కన పోతుండగా నాగేశప్పకు ఏదో వాసన తగిలింది. సన్నగా, వచ్చినట్టే వచ్చి పోయింది. తమ బండిదో, ముందు పోయిన ట్రాక్టరుదో తెలియలేదు. ఆయన చెయ్యి కొంచెం లేచింది. దించేసుకోబోయాడు.

రక్షిత అప్పటికే బండి పక్కకు తీసి ఇంజను ఆపేసింది.

“ఏమి నాయనా?”

ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆమె తొందర పెట్టలేదు. వెనక బస్సు హారను మోగించి, తప్పుకుని పోయింది. ఆమె చేతులు స్టీరింగు మీద పెట్టుకుని అట్లాగే ఆయన ముఖంవైపు చూస్తూ కూర్చుంది. ఆయన ఇంకోసారి ప్రయత్నించాడు. “నె…” అని ఆగిపోయాడు.

“సరే, నువ్వు ఉండు,” అని ఆమె దిగింది. చక్రం చక్రానికీ వంగి, నేలకు చెయ్యి ఆనించి, కింద తడిమి చూసింది. ఒక్కో చక్రం దగ్గరా తలెత్తి అద్దంలోంచి ఆయన్ను చూసింది. బానెట్టు ఎత్తి, బ్రేకు ఆయిలు సీసా మూత తీసి, వేలు ముంచి చూసింది. నూనె అంటిన చేతిని ఆయన కిటికీలోంచి లోపలికి చాపింది. ఆయన వాసన చూశాడు. అంతా ఉండవలసినట్టే ఉంది. తాను పొరబడ్డాడేమో. పొరబడకపోతే ఏమిటో తెలియదు.

“ఏమీ కనపడలేదు నాయనా,” అంది ఆమె, లోపలికెక్కి చేతులు గుడ్డకు తుడుచుకుంటూ. “మళ్లా వస్తే మళ్లా చెయ్యెత్తు. మళ్లా నిలబెడతాను.”

ఆయనవైపు కిటికీ అద్దం పూర్తిగా దించి, చిన్న గేరులో బండిని మెల్లగా రోడ్డెక్కించింది. నాగేశప్ప ముఖం గాలికి పెట్టి, వాసన కోసం చూస్తూ కూర్చున్నాడు.